కొలత లేని పని

ప్రొద్దుటూరు బంగారంగళ్ళ వెనక సందులో
నాది మూడు మూరల కొట్టు.
తెగిన గొలుసు, వంగిన కమ్మ, ముక్కుపుడక సీల,
అద్దాల షాపులోళ్ళు వద్దన్న పనులన్నీ
నా కుంపట్లోకి వస్తాయి.

ఆ పొద్దు ముగ్గురాడోళ్ళు వచ్చి నిలబడినారు.
దీనమ్మ, ఎలీసమ్మ, ఓబులమ్మ.
మూడో ఆమెకు బాప్తిస్మంలో ఇంకో పేరు పెట్టినారంట,
ఊరికి నోరు తిరగలేదంట.
కువైట్ నుంచి తిరిగొచ్చి పది దినాలు.
కొంగుముడి విప్పితే
తుంచిన గాజు ముక్క, జత దిద్దులు,
ఎవరి బిడ్డలకో నీళ్ళు పోసి సంపాదించిన వెండి పట్టీలు.
బంగారం పదకొండు గ్రాములు, చిల్లర. వెండే ఎక్కువ.
"కిరీటం చెయ్యన్నా."
"ఏ దేవునికి?"
"మా అయ్యగారికి."

గడప బయట చెప్పులు విడిచి
నాపరాయి దుమ్ములో మునిగిన మనిషి.
కనుబొమలు కూడా బూడిద రంగు.
ఆరు దినాలు పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్ళు నున్నగా చేస్తాడు,
ఏడో దినం వాక్యం చెప్తాడు.
ఈ తలకా అని నా మొహం అడిగిందేమో,
ఆయనే నవ్వినాడు.

"చెరలోకి పోయిన జనమప్పా.
తిరిగొచ్చినోళ్ళు ముగ్గురు వెండీ బంగారం తెచ్చినారు.
ఊళ్ళో రాజు లేడు. గుడికి గోడలు సగమే.
పన్ను మాత్రం పరాయి రాజుకు పోతా ఉంది.
అప్పుడు ప్రవక్త కిరీటం చేయించి
యాజకుని తలమీద పెట్టినాడు,
నిన్నటిదాకా మసిబట్టల్లో నిలబడిన మనిషి తలమీద."
"అయితే పూజారే రాజయినాడా?"
"కాలేదు. తల అరువిచ్చినాడు."

నలభై ఏండ్లుగా వేళ్ళూ నడుములూ కొలిచినోణ్ణి,
దారం తీసుకొని లేచినాను.
తల వెనక్కి లాక్కున్నాడు.
"నాది కొలవొద్దు. రావాల్సినాయనది వేరే."
"ఎంత ఉంటుంది?"
"తెలీదు. ఒకసారి వచ్చినాడు.
అప్పుడు ముండ్లతో అల్లినారు, కొలత అడక్కుండానే."

పేరేమంటే చిగురు అన్నాడు.
"వేపదా, చింతదా?"
"కరువులో నరికిన చీనీచెట్టు చూసినావా?
మోడు మీద ఒకటి లేస్తుంది, ఆ మాదిరి."
చూసినాను. మా బావమరిది తోటలో,
రెండు వందల మోళ్ళ నడుమ.

వెండి ముందు కరుగుతుంది. బంగారం మొండిది.
రెంటినీ ఒక చుట్టు చెయ్యడమంటే
రాజునూ పూజారినీ ఒకే పీట మీద కూర్చోబెట్టడమే.
వెలిగారం పెట్టినా ఒకటి రెండోదాన్ని మింగ చూస్తుంది.
మూడు రాత్రులు ఊదినాను.
ఆఖరికి కరిగించడం మాని
రెండు తీగలు పురిపెట్టినాను,
ముందు ఒక చిగురు,
వెనక అతుకు వెయ్యకుండా వదిలేసినాను.
ఏ తలకైనా తెరుచుకోవాల కదా.
సగం పనికి కూలి అడగబుద్ధి కాలేదు.
అడిగినాను. బొగ్గు ఊరికే రాదు.

ఆదివారం పెన్న దాటి పోయినాను.
రేకుల గుడి. ఓబులమ్మే ఆయన తలమీద పెట్టింది.
బయట ఎవరిదో ట్రాక్టరు స్టార్టు కాక దగ్గుతా ఉంది.
కిరీటం జారి ఒక చెవి మీద వాలింది.
ఒక పిల్లోడు నవ్వినాడు, వాళ్ళమ్మ గిచ్చింది.
అంతే. తీసేసి
దూలానికున్న మేకుకు తగిలించినాడు.
కడిగినా పోని రాతిదుమ్ములో
నుదుటి మీద సన్నటి గీత.

మేకు మీద ఉండటానికే నేను చేసిన నగ
అదొక్కటే.

మా తాతలూ రాబోయే రాజు కోసం
చుక్కల్ని నిలేసినోళ్ళే.
ఎదురుచూపు నాకు కొత్త కాదు.
ఖాళీ కిరీటం కొత్త.

ఎలీసమ్మ మళ్ళా కువైట్ పోయింది.
దీనమ్మ పాస్‌పోర్టు ఇచ్చి ఉంది.
ఏడాదికొకసారి కుంకుడు రసం తీసుకొని పోతాను.
వెండి నల్లబడి ఉంటుంది, బంగారం అట్లే.
తోముతా తోముతా
వెనక సందులోకి వేలు పోనిస్తాను.
దారం జేబులోనే ఉంటుంది.
తియ్యను.